మూడు క్వింటాళ్ల మోజు

స్పీడ్ బ్రేకర్ ఎంత ఎత్తుండాలి, ఎంత వెడల్పుండాలి అన్నదానికి మన దేశంలో ఒక లెక్క ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగే దిబ్బ అన్నమాట. హార్లీ డేవిడ్‌సన్ ఫ్యాట్ బాయ్ అనే బండికి పొట్టకీ నేలకీ మధ్య ఖాళీ 11.5 సెంటీమీటర్లు. రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 1.66 మీటర్లు. లెక్క కట్టి చూస్తే, ప్రమాణం ప్రకారం కట్టిన దిబ్బ మీదుగా ఈ బండి వెళ్తున్నప్పుడు చక్రాల మధ్యకు పొడుచుకొచ్చేది 2 సెంటీమీటర్లే. పొట్ట తగిలే ప్రసక్తే లేదు.

చిక్కంతా ప్రమాణం లేనివాటితోనే. కాలనీవాళ్లు ఓ రాత్రి సిమెంటు కలిపి పోసిన దిబ్బ అడుగున్నర వెడల్పు, అరడుగు ఎత్తు ఉంటుంది. వంద సీసీ బండి దాన్ని ఇట్టే దాటేస్తుంది. పాతిక లక్షల బండి మాత్రం ముందు చక్రం దింపగానే పొట్ట మీద కూర్చుండిపోతుంది. కింద ఫ్రేము గీసుకుపోతుంది. వెనక ఇంకో మనిషి ఉంటే ఆ ఖాళీ మరింత తగ్గుతుంది. అందుకే పెద్ద క్రూజర్ అలవాటైనవాళ్లు అలాంటి దిబ్బను ఎదురుగా ఎక్కరు. వెనక కూర్చున్నవాళ్లను దించి, ఏటవాలుగా, ఒక అంచు నుంచి రెండో అంచుకి నిదానంగా దాటిస్తారు. ఈలోగా వెనక హారన్లు మోగుతూనే ఉంటాయి. దిగుమతి చేసుకున్న భారీ మోటార్ సైకిల్‌ని మన దేశంలో ఏలుకోవడమంటే ఏమిటో ఇక్కడే సగం అర్థమవుతుంది. కొనడానికి డబ్బు చాలు. నడపడానికి వేరే నేర్పు కావాలి, ఆ నేర్పు గురించి షోరూమ్‌లోనూ ఆర్టీఏ ఆఫీసులోనూ అడిగేవాళ్లు తక్కువ.

క్రూజర్ అమెరికా గడ్డ మీద పుట్టిన బండి. మిల్వాకీ పట్నంలో 1903లో మొదలైన హార్లీ డేవిడ్‌సన్, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1901లో మొదలైన ఇండియన్ మోటార్ సైకిల్ దీనికి మూలపురుషుల్లాంటి కంపెనీలు. ఊరికీ ఊరికీ మధ్య వందల మైళ్లు, కనుచూపు మేర వంపులేని రోడ్డు, చల్లటి గాలి: ఆ దేశపు ప్రయాణానికి తగ్గట్టే దాన్ని మలిచారు. సీటు నేలకు దగ్గరగా ఉంటుంది. కాళ్లు ముందుకు చాచి పెట్టుకోవచ్చు. హ్యాండిల్ వెడల్పుగా, చేతికి అందేలా ఉంటుంది. ఇంజిన్ పెద్దది, కానీ ఉరుకులు పెట్టదు. 1868 సీసీ ఇంజిన్‌తో వచ్చిన ఫ్యాట్ బాయ్ తన లాగుడు బలమంతా 3000 ఆర్‌పీఎం దగ్గరే చూపిస్తుంది. గేరు మార్చకుండానే పైకి లాక్కెళ్లిపోతుంది.

దాని మోతకీ ఒక కారణం ఉంది. రెండు సిలిండర్లు 45 డిగ్రీల కోణంలో, ఇంగ్లిష్ అక్షరం 'వి' ఆకారంలో ఉంటాయి. రెండు పిస్టన్ల కడ్డీలూ క్రాంక్ మీద ఒకే పిన్నుకు తగులుకుని ఉంటాయి కాబట్టి పేలుడుకీ పేలుడుకీ మధ్య ఎడం సమానంగా ఉండదు. ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా. ఆ తడబాటే జనం చెవికి సంగీతమైంది. ఈ శబ్దాన్ని తమ ట్రేడ్ మార్కుగా నమోదు చేయమని హార్లీ కంపెనీ 1994లో దరఖాస్తు కూడా పెట్టింది. పోటీ కంపెనీలు అభ్యంతరం చెప్పాయి, చివరికి 2000లో దరఖాస్తును వెనక్కి తీసుకుంది. బుల్లెట్ బండి మోతకు దశాబ్దాలుగా అలవాటుపడిన తెలుగువాళ్లకి ఈ పిచ్చి కొత్తేమీ కాదు. పెళ్లి బరాత్‌లో 'బుల్లెట్ బండి' పాట మోగని ఊరు 2021 తర్వాత కనపడలేదు కదా.

అయితే బుల్లెట్‌కీ దీనికీ బరువులో పోలిక లేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. ఫ్యాట్ బాయ్ 315 కిలోలకు పైనే, అంటే నాలుగు బస్తాల వడ్లు. సామాను పెట్టెలు, గాలి అడ్డు, స్పీకర్లు ఉన్న హోండా గోల్డ్ వింగ్ టూర్ అయితే నాలుగు క్వింటాళ్లకు దగ్గర పడుతుంది.

ఈ బండ్లు మన దేశానికి కొత్త కావు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యాలు వదిలేసిన హార్లీలు, ఇండియన్ మోటార్ సైకిళ్లు ఢిల్లీలో పాత సామానుగా అమ్ముడయ్యాయి. వాటి వెనక భాగం కోసి, బల్లలు బిగించి, ఆరేడుగురు ఎక్కే సవారీ బండ్లుగా మార్చారు. చాందినీ చౌక్ నుంచి కన్నాట్ ప్లేస్ దాకా తిరిగిన ఈ 'ఫట్‌ఫటీ'లు 1998లో కాలుష్య నిబంధనల మూలంగా రోడ్డు దిగేదాకా కూలీలనీ గుమాస్తాలనీ మోశాయి. శ్రీమంతుల బండిగా ఈనాడు పేరున్న యంత్రం ఈ దేశంలో ఎక్కువ కాలం బతికింది షేర్ ఆటోలాగే. దాని చరిత్రలో ఇంతకంటే గౌరవప్రదమైన అధ్యాయం ఇంకొకటి ఉందా అనిపిస్తుంది.

కొత్త బండ్లు రావడానికి మాత్రం మామిడిపళ్లు సాయం పట్టాల్సి వచ్చింది. పురుగుల భయంతో అమెరికా మన మామిడిని 1989 నుంచి రానివ్వలేదు. కాలుష్య నిబంధనలు కుదరక, సుంకాలు భరించలేక హార్లీ మన దేశంలోకి రాలేకపోయింది. 2006లో అధ్యక్షుడు జార్జ్ బుష్ ఢిల్లీ వచ్చినప్పుడు మొదలైన మాటలు 2007 ఏప్రిల్‌కి కొలిక్కి వచ్చాయి. 800 సీసీకి మించిన మోటార్ సైకిళ్లను యూరో-3 ప్రమాణాల మీద అనుమతించడానికి మనవాళ్లు ఒప్పుకున్నారు. రేడియేషన్‌తో పురుగు నివారణ చేసిన ఆల్ఫాన్సో, కేసర్ పళ్లు అమెరికాకు విమానమెక్కాయి. సుంకం మాత్రం తగ్గలేదు. అందుకే హార్లీ వెంటనే రాలేదు. 2009లో ప్రకటించి, 2010లో అమ్మకాలు మొదలుపెట్టింది. తొలి షోరూమ్‌లు తెరిచిన నగరాల్లో హైదరాబాద్ ఒకటి. అప్పటి ధరలు దాదాపు 7 లక్షల నుంచి 35 లక్షల దాకా ఉండేవి.

ఆ ధరలో ఎంత బండికి, ఎంత ప్రభుత్వానికి? పూర్తిగా తయారై ఓడ దిగిన పెద్ద బండి మీద దిగుమతి సుంకం 2013 బడ్జెట్‌లో 60 నుంచి 75 శాతానికి పెరిగింది. 2018 ఫిబ్రవరిలో 50కి తగ్గింది. డొనాల్డ్ ట్రంప్ ఆ తగ్గింపుతో తృప్తి పడకుండా హార్లీ పేరెత్తి సభల్లో విమర్శిస్తూ వచ్చారు. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో 1600 సీసీ లోపు వాటికి 40 శాతం, అంతకు మించినవాటికి 30 శాతం చేశారు. చిన్న ఇంజిన్ కంటే పెద్ద ఇంజిన్‌కి సుంకం తక్కువ కావడం వింతే. ఎవరి కోసం ఆ గీత గీశారో ఊహించడం కష్టం కాదు.

పన్ను మీద పన్ను పడుతుంది కాబట్టి ఒక లెక్క వేసి చూడాలి. రేవుకు చేరేసరికి 10 లక్షల విలువ ఉన్న 1800 సీసీ బండి అనుకుందాం. 2018 వరకు ఉన్న 75 శాతం సుంకంతో 17.5 లక్షలు అయ్యేది. దాని మీద 28 శాతం జీఎస్టీ, 3 శాతం సెస్సు కలిపితే దాదాపు 22.9 లక్షలు. 2025 బడ్జెట్ తర్వాత సుంకంతో 13 లక్షలు, జీఎస్టీతో 17 లక్షల చిల్లర. కొనాలనుకున్నవాళ్లు సంబరపడేలోపే 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. 350 సీసీ లోపు బండ్లకు 18 శాతానికి దిగింది, ఆపైవాటికి 40 శాతానికి ఎక్కింది. అదే బండి మళ్లీ 18.2 లక్షలైంది. చిల్లర సుంకాలు, రవాణా, డీలర్ లాభం ఇంకా ఇందులో కలపలేదు. బీమా, ఆర్టీఏలో కట్టే లైఫ్ ట్యాక్స్ వేరే. ఆ లైఫ్ ట్యాక్స్ ఒక్కటే మామూలు మోటార్ సైకిల్ ధరను మించిపోతుంది.

విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ బిగిస్తే సుంకం బాగా తక్కువ. ఇంజిన్, గేర్ బాక్స్ సైతం విడివిడిగా వస్తే 10 శాతం, బిగించిన ఇంజిన్‌తో వస్తే 20 శాతం. ఈ తేడా కోసమే హార్లీ 2011లో హర్యానాలోని బావల్‌లో బిగింపు కర్మాగారం పెట్టింది. ఇదే తేడాను దొంగదారిన వాడుకునేవాళ్లూ ఉన్నారు. బండిని విప్పి, పాత స్పేర్ పార్టులని కాగితాల్లో రాసి తెచ్చి, ఇక్కడ బిగించి అమ్మిన ముఠాలను రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు పట్టుకున్న కేసులు చాలానే ఉన్నాయి.

బీమాలో మాత్రం ఓ విచిత్రమైన సమానత్వం ఉంది. 2022లో ఖరారైన ధరల ప్రకారం 350 సీసీ దాటిన ఏ ద్విచక్ర వాహనానికైనా థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 2,804 రూపాయలు. 411 సీసీ బండికీ అంతే, 2458 సీసీ ట్రయంఫ్ రాకెట్ 3కీ అంతే. సొంత బండికి జరిగే నష్టానికి కట్టే ప్రీమియం మాత్రం బండి విలువను బట్టి వేలల్లోకి, ఒక్కోసారి లక్ష దాకా పోతుంది. అది కట్టకుండా తప్పించుకుందామనుకునేవాళ్లు ఒక్కసారి పెట్రోల్ ట్యాంకు సొట్టకు, హెడ్‌లైటుకు ధర కనుక్కుంటే చాలు.

బండి ఇంటికొచ్చాక మొదట తెలిసేది వేడి. రెండు సిలిండర్లలో వెనకది ముందుదాని చాటున ఉంటుంది, గాలి సరిగా తగలదు. సరిగ్గా దాని పైనే కూర్చున్నవాళ్ల తొడలుంటాయి. బండి కదులుతున్నంతసేపు ఫరవాలేదు. అమీర్‌పేట సిగ్నల్ దగ్గరో బెంజి సర్కిల్ దగ్గరో మే నెల మధ్యాహ్నం పది నిమిషాలు ఆగితే ప్యాంటు లోంచి కాలు కాలుతుంది. ఈ సంగతి కంపెనీకీ తెలుసు. అందుకే బండి నిలబడి ఉన్నప్పుడు వెనక సిలిండర్ తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు చాలా మోడళ్లలో పెట్టారు. అప్పుడు మోత మారుతుంది. కొత్తగా కొన్నవాళ్లు ఇంజిన్ పాడైందని కంగారుపడతారు. మన ఎండలకు అసలు మందు తెల్లవారుజాము. ఐదింటికి బయల్దేరి పదింటికల్లా ఇల్లు చేరడం తెలుగు రాష్ట్రాల్లోని పెద్ద బండ్లవాళ్లందరికీ వేసవి అలవాటు.

రెండోది బరువు. బండి నడుస్తున్నప్పుడు మూడు క్వింటాళ్లు మోస్తున్నట్టే అనిపించదు, అంత చక్కగా బరువంతా కిందికి సర్దారు. ఆగినప్పుడు, నెట్టాల్సి వచ్చినప్పుడు, పార్కింగ్‌లో మలుపు తిప్పేటప్పుడు తెలుస్తుంది. పెద్ద క్రూజర్లు ఎక్కువగా పడిపోయేది గంటకు వంద కిలోమీటర్ల వేగంలో కాదు, నడక వేగంలో. హ్యాండిల్ తిప్పి ఉండగా ముందు బ్రేకు గట్టిగా నొక్కితే చాలు, ఒరుగుతుంది. ఒరగడం మొదలయ్యాక ఆపాలని చూసినవాళ్లకు నడుమో మోకాలో పోతుంది. అనుభవజ్ఞులు వదిలేసి పక్కకు తప్పుకోమంటారు. పడ్డ బండిని లేపడానికి ఒక పద్ధతుంది. ఇంజిన్ ఆపి, గేరులో పెట్టి, కుడివైపు పడి ఉంటే ముందే సైడ్ స్టాండ్ బయటికి లాగి, బండికి వీపు ఆనించి కూర్చోవాలి. ఒక చేత్తో హ్యాండిల్, రెండో చేత్తో సీటు కింది గట్టి భాగం పట్టుకుని, కాళ్ల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేయాలి. నడుము వంచి ఎత్తబోతే లేవదు. ఈ పద్ధతితో సన్నగా ఉన్న ఆడవాళ్లు సైతం లేపగలరు, లేపుతున్నారు.

అపార్ట్‌మెంట్ సెల్లార్ ఇంకో పరీక్ష. దిగుడు ర్యాంపు నిటారుగా ఉంటే కింద మలుపులో బండిని నిలదొక్కుకోవడం కష్టం, పైకి వచ్చేటప్పుడు ర్యాంపు అంచున పొట్ట రాసుకుంటుంది. ముందు చక్రం గోడవైపు పెట్టి, పల్లంలో ఆపితే వెనక్కి లాగడం ఒక్క మనిషి వల్ల కాదు. గోల్డ్ వింగ్‌కి రివర్స్ గేరు పెట్టింది ఇందుకే. మిగతావాళ్లు ఆపేముందే బయటికి ఎలా తీయాలో ఆలోచించుకోవాలి. ఎండకు మెత్తబడ్డ తారు మీద సైడ్ స్టాండ్ దిగబడిపోతుంది కాబట్టి దాని కింద పెట్టే చిన్న పలక ఒకటి చాలామంది జేబులోనే ఉంటుంది.

వాడకపోయినా ఖర్చే. రిమోట్ తాళం, అలారం వల్ల బండి నిద్రపోతున్నా కరెంటు తాగుతూనే ఉంటుంది; మూడు నాలుగు వారాలు కదల్చకపోతే బ్యాటరీ దిగిపోతుంది. అందుకని సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ పెట్టించుకుని చిన్న చార్జర్ తగిలించి ఉంచుతారు. ఇక 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2025 నుంచి దేశమంతటా మామూలైపోయింది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. 2023కి ముందు బండ్లలో చాలావాటి రబ్బరు గొట్టాలు, సీళ్లు అంత ఇథనాల్‌ని ఉద్దేశించి చేసినవి కావు. నెలకోసారి తీసే పాత బండిలో ట్యాంకు నిండా ఆ పెట్రోలు నిల్వ ఉంచడం మంచిది కాదు. చైనుకు బదులు హార్లీలో బెల్టు ఉంటుంది. నూనె పెట్టక్కర్లేదు, శబ్దం రాదు, వేల కిలోమీటర్లు నడుస్తుంది. కానీ కొత్తగా కంకర పోసిన రోడ్డు మీద ఒక్క రాయి బెల్టుకీ పళ్ల చక్రానికీ మధ్య ఇరుక్కుంటే చిల్లు పడుతుంది. మన రోడ్ల మరమ్మతులు ఎలా జరుగుతాయో తెలిసినవాళ్లు బెల్టును వారానికోసారైనా వంగి చూసుకుంటారు.

ఇంత చేసి నడిపేదెక్కడ? జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనాలకు టోల్ లేదు. పాత మారుతి కారు ఆగి డబ్బు కట్టే చోట నలభై లక్షల గోల్డ్ వింగ్ పక్క సందులోంచి ఉచితంగా వెళ్లిపోతుంది. దానికి బదులన్నట్టు, అసలు ఈ బండి దేనికోసం పుట్టిందో ఆ రోడ్ల మీదికి రానివ్వరు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంలో టూ వీలర్ నిషిద్ధం. ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్ వే మీదా అంతే. బెంగళూరు–మైసూరు రహదారి ప్రధాన మార్గం మీద 2023 ఆగస్టు 1 నుంచి ఆపేశారు. నెమ్మదిగా వెళ్లే మోపెడ్‌కీ, కార్లతో సమానంగా పోగల బండికీ చట్టం తేడా చూడదు. రెండు చక్రాలుంటే చాలు. మోపెడ్‌వాళ్ల ప్రాణరక్షణ కోసం ఆ నిషేధం సబబే. పెద్ద బండ్లకు ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి మినహాయింపు ఇవ్వడంలో మాత్రం తప్పేమీ కనపడదు. కొన్ని దేశాల్లో అలాగే చేస్తున్నారు.

కాబట్టి మిగిలింది నాలుగు వరుసల హైవేలు, ఘాట్ రోడ్లు. హైదరాబాద్ నుంచి ఆదివారం పొద్దున పెద్ద బండ్లు ఎక్కువగా పట్టే దారుల్లో శ్రీశైలం రోడ్డు ఒకటి. డిండి దాకా తిన్నగా, హాయిగా సాగుతుంది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసి ఉంటుంది కాబట్టి ముందొచ్చినవాళ్లు అక్కడ టీ తాగుతూ ఎదురుచూస్తారు. నల్లమల మలుపుల్లో క్రూజర్ అసలు పరిమితి తెలుస్తుంది. ఫ్యాట్ బాయ్ పక్కకు వాలగలిగేది 25 డిగ్రీల చిల్లర మాత్రమే. ఆపైన కాలు పెట్టుకునే పలక రోడ్డుకు రాసుకుని గరగరమంటుంది. అది బండి చేసే హెచ్చరిక. స్పోర్ట్స్ బైకు వెనక అదే వేగంతో మలుపు తిరగబోయిన క్రూజర్ నేరుగా ఎదురు వరుసలోకి పోతుంది, ఎదురుగా వచ్చేది ఆర్టీసీ బస్సు. అరకు దారిలో అనంతగిరి మలుపుల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి.

ఈ ప్రయాణాలకు తోడు ముఖ్యం. హార్లీ యజమానుల సంఘం 'హాగ్' 1983లో అమెరికాలో పుట్టింది. ఇక్కడ డీలర్‌షిప్‌కి ఒకటి చొప్పున శాఖలు ఏర్పడ్డాయి. 2013లో గోవాలో మొదలైన ఇండియా బైక్ వీక్‌కు హైదరాబాద్ నుంచి బండ్ల మీదే వెళ్తారు. డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, బిల్డర్లు, అమెరికాలో కొన్నాళ్లుండి వచ్చినవాళ్లు ఒకే వరుసలో సాగుతారు. ఆ వరుసకీ ఓ క్రమశిక్షణ ఉంది. ఇద్దరిద్దరు పక్కపక్కన కాకుండా ఒకరు ఎడమకి, తర్వాతివాళ్లు కుడికి, రెండు సెకన్ల ఎడంతో. ముందుండే మనిషి చేతి సైగతో గుంట చూపిస్తారు, వెనక చివర అనుభవమున్న మనిషి ఉంటారు. కొత్తవాళ్లు నిజంగా బండి నేర్చుకునేది ఈ వరుసల్లోనే.

పెద్ద బండి ఎక్కడికెళ్లినా కళ్లన్నీ దాని మీదే. 2020 జూన్‌లో నాగపూర్‌లో అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎ. బోబ్డే ఖరీదైన హార్లీ మీద కూర్చున్న ఫొటో దేశమంతా తిరిగింది. దాని మీద న్యాయవాది ప్రశాంత్ భూషణ్ చేసిన ట్వీటు, మరో ట్వీటుతో కలిపి కోర్టు ధిక్కార కేసుగా మారి, ఆగస్టు 31న సుప్రీంకోర్టు విధించిన ఒక్క రూపాయి జరిమానాతో ముగిసింది. స్టాండు వేసి ఉన్న బండి మీద కూర్చున్నందుకే అంత జరిగింది. ఇక రోడ్డు మీద పోయే బండిని ఊరుకుంటారా? సిగ్నల్ దగ్గర 'ఎంత?', 'మైలేజీ ఎంత?' అన్న ప్రశ్నలు తప్పవు. (లీటరుకు ఇరవై లోపే.) అడగకుండా యాక్సిలరేటర్ తిప్పి చూసే కుర్రాళ్లూ ఉంటారు.

ఆ కళ్లకు చెవులు తోడయ్యేది సైలెన్సర్ మార్చినప్పుడు. కంపెనీ ఇచ్చిన మోత చాలక చాలామంది లక్ష పెట్టి బయటి సైలెన్సర్ బిగిస్తారు. కంపెనీ ఆమోదించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. మోటారు వాహనాల చట్టం ప్రకారం శబ్ద ప్రమాణాలు మీరితే 10,000 రూపాయల దాకా జరిమానా. తెలుగు నగరాల్లో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్ రోలర్ కింద నలిపించడం అందరూ చూసిందే. అర్ధరాత్రి ఆసుపత్రి పక్క వీధిలో ఆ మోత వినాల్సి వచ్చినవాళ్ల వైపే ఈ విషయంలో న్యాయం ఉంది. హెల్మెట్ సంగతి వేరు. వేలు పోసి తెప్పించుకున్న విదేశీ హెల్మెట్‌కు అక్కడి భద్రతా ముద్ర ఉన్నా, 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ల అమ్మకం, దిగుమతి మన దేశంలో చెల్లవు.

అన్నింటికంటే పెద్ద లోటు లైసెన్సులో ఉంది. యూరప్‌లో పద్దెనిమిదేళ్లవాళ్లకు 35 కిలోవాట్ల లోపు బండికే లైసెన్సిస్తారు. రెండేళ్లు నడిపి, మరో మెట్టు దాటితేనే పెద్ద బండి. నేరుగా కావాలంటే 24 ఏళ్లు నిండాలి. ఫ్యాట్ బాయ్ సత్తా సుమారు 70 కిలోవాట్లు, ఆ హద్దుకు రెట్టింపు. మన దగ్గర గేరు బండికి ఒకటే లైసెన్సు. వంద సీసీ బండి మీద ఎనిమిది ఆకారంలో తిప్పి చూపించి లైసెన్సు తీసుకున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు మర్నాడే 2458 సీసీ రాకెట్ ఎక్కితే చట్టం అడ్డు చెప్పదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. ఇలాంటి దేశంలో పన్ను శ్లాబుకు 350 సీసీ దగ్గర గీత గీయగలిగినవాళ్లు లైసెన్సుకు ఒక్క గీతా గీయకపోవడం ఘోరం. పన్ను కోసం కొలిచిన ఇంజిన్‌ని ప్రాణం కోసం కొలవలేకపోతున్నాం. శిక్షణకు దారులు లేకపోలేదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద కాలిఫోర్నియా సూపర్ బైక్ స్కూలు తరగతులు పెడుతోంది. కానీ అక్కడికెళ్లేది నేర్చుకోవాలన్న తపన ఉన్నవాళ్లే, చట్టం తోసినవాళ్లు కాదు.

నేర్పు ఉన్నంత మాత్రాన రోడ్డు వదిలిపెడుతుందనీ కాదు. జైపూర్‌కి చెందిన వీనూ పాలీవాల్ హార్లీ మీద దేశమంతా తిరిగి పేరు తెచ్చుకున్న మహిళ. 2016 ఏప్రిల్‌లో దేశయాత్రలో ఉండగా మధ్యప్రదేశ్‌లోని గ్యారస్‌పూర్ దగ్గర బండి అదుపుతప్పి ప్రాణాలు కోల్పోయారు. వెంట మరో బండి మీద తోటి రైడర్ ఉన్నారు. ఆమెను చూసి బండి పట్టిన ఆడపిల్లలు చాలా నగరాల్లో ఉన్నారు.

2020 సెప్టెంబర్‌లో హార్లీ ఒక్కసారిగా మన దేశంలో అమ్మకాలు, తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఏడాదికి రెండున్నర వేల బండ్ల చుట్టుపక్కల అమ్మకాలతో కర్మాగారం నడవదని వాళ్ల లెక్క. లక్షలు పోసి కొన్నవాళ్లు హతాశులయ్యారు. సర్వీసు ఎవరు చేస్తారు, వారంటీ ఏమవుతుంది, క్లచ్ కేబుల్ తెగితే ఎక్కడి నుంచి వస్తుంది? నెల తిరిగేసరికి హీరో మోటోకార్ప్ అమ్మకాలు, సర్వీసు బాధ్యత తీసుకోవడంతో ఊపిరి పీల్చుకున్నారు. ఆ పొత్తులోంచే 2023 జూలైలో 2.29 లక్షలకు ఎక్స్440 వచ్చింది. హీరో ఇక్కడే తయారుచేసిన ఒంటి సిలిండర్ బండి. తొలి నెలలోనే 25 వేలకు పైగా బుకింగులు వచ్చాయి. పెద్ద హార్లీ యజమానుల్లో కొందరు దాన్ని హార్లీగా ఒప్పుకోలేదు. ఆ పేరు కోసం ఏళ్లుగా ఎదురుచూసిన వేలమంది మాత్రం ఒప్పుకున్నారు, వాళ్ల సంతోషాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు.

అసలు పెద్ద బండే కావాలి, అంత డబ్బు లేదు అనుకునేవాళ్లకు సెకండ్ హ్యాండ్ మార్కెట్ ఉంది. మోజు తీరి, నడుము నొప్పి పట్టి, పిల్లలు పుట్టి అమ్మేసేవాళ్లు ఎక్కువ. పదేళ్ల బండి పదివేల కిలోమీటర్లు కూడా తిరగకుండా దొరుకుతుంది. తక్కువ తిరగడం మంచిదే అనుకోవడానికి లేదు. నిలిచిపోయిన బండిలో పెట్రోల్ గొట్టాలు, ఫోర్కు సీళ్లు, బ్రేకు నూనె పాడవుతాయి. కాగితాలు ముందు చూడాలి. వ్యక్తిగతంగా విదేశం నుంచి తెచ్చిన బండి అయితే కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ ఉండాలి, అందులోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీదవాటితో సరిపోవాలి. ఢిల్లీ బండి చవగ్గా దొరికిందంటే అక్కడ పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లకు నిషేధం ఉందని గుర్తుంచుకోవాలి. ఎన్ఓసీ తెచ్చుకుని, ఇక్కడి ఆర్టీఏలో లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. సర్వీసు పుస్తకంలో మొదటి 1600 కిలోమీటర్లకు, ఆ తర్వాత 8000కోసారి ముద్రలున్నాయో లేదో చూడాలి. ఇంజిన్‌కి, గేర్ బాక్స్‌కి, క్లచ్ ఉండే ప్రైమరీకి మూడింటికీ వేర్వేరుగా నూనె పోసే బండి ఇది; వీధి మెకానిక్ ఒక్కటే మార్చి పంపించి ఉండొచ్చు. చివరగా టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాడి ఎంత లోతుగా కనపడినా ఆరేళ్లు దాటిన టైరు మార్చాల్సిందే. ఫ్యాట్ బాయ్ వెనక టైరు వెడల్పు 240 మిల్లీమీటర్లు, వీధి చివరి టైర్ల షాపులో దొరికేది కాదు. ఆ ఖర్చెంతో ముందే కనుక్కుని, బేరంలోనే తేల్చుకోవాలి.